భూటాన్ గురించి అమ్మమ్మ ఉత్తరం

చిన్నూకీ, లాస్యకీ అమ్మమ్మ ఆశీస్సులు.

సెలవుల్లో అట్లాస్ ముందేసుకుని కూర్చున్నప్పుడు చిన్నూ ఒక మాట అడిగాడు, గుర్తుందా? "ఇంత చిన్న భూటాన్‌ని ఇండియా గానీ చైనా గానీ ఎందుకు కలిపేసుకోలేదు అమ్మమ్మా?" అని. అప్పుడు పొయ్యి మీద పాలు పొంగుతుంటే లేచి వెళ్లిపోయాను. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు.

భూటాన్ జనాభా 8 లక్షల లోపే. మన విజయవాడలో అంతకన్నా ఎక్కువమంది ఉంటారు. సముద్రం లేదు. ఉత్తరాన టిబెట్, అంటే చైనా. మిగతా మూడు వైపులా మనమే. 1950ల మొదట్లోనే టిబెట్ చైనా చేతిలోకి పోయింది. 1975లో పక్కనున్న సిక్కిం మన దేశంలో ఒక రాష్ట్రమైంది. అటు ఇల్లూ ఇటు ఇల్లూ అలా కలిసిపోతే, మధ్యలో మిగిలినవాళ్లకి కంటి నిండా నిద్ర పడుతుందా?

1949లో భూటాన్ మనతో ఒక ఒప్పందం చేసుకుంది. మీ లోపలి వ్యవహారాల్లో మేం వేలు పెట్టం అని మనం ఒప్పుకున్నాం. విదేశీ వ్యవహారాల్లో మీ సలహా ప్రకారం నడుచుకుంటాం అని వాళ్లు ఒప్పుకున్నారు. అప్పటికి ఆ దేశంలో మోటారు రోడ్డే లేదు. 1958లో నెహ్రూ గారు కూతురు ఇందిరతో కలిసి భూటాన్‌లోని పారోకి వెళ్లాల్సి వస్తే, సిక్కిం నుంచి నాథులా కనుమ దాటి, టిబెట్ భూభాగంలోంచి గుర్రాల మీద, జడల బర్రెల మీద వెళ్లారు! 1960కల్లా భూటాన్ ఉత్తరం వైపు తలుపు మూసేసింది. తరతరాలుగా టిబెట్‌తో సాగిన ఉప్పు, ఉన్ని, బియ్యం వర్తకం ఆగిపోయింది. ఆ బేరాల మీదే బతికిన కొండ ఊళ్లవాళ్లకి అది చిన్న నష్టం కాదు. తర్వాత మనవాళ్లు దక్షిణాన మన సరిహద్దులో ఉన్న ఫుంట్‌షోలింగ్ నుంచి వాళ్ల రాజధాని థింఫూకి రోడ్డు వేశారు.

అలాగని భూటాన్ మన కొంగు పట్టుకుని ఉండిపోలేదు. 1971లో ఐక్యరాజ్యసమితిలో చేరింది, అదీ మన మద్దతుతోనే. మనం ససేమిరా అన్న అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందంలో 1985లో చేరింది. 2007లో కొత్త ఒప్పందం రాసుకున్నప్పుడు "సలహా ప్రకారం" అన్న మాట తీసేశారు. ఆ ఒక్క వాక్యం మారడానికి 58 ఏళ్లు పట్టింది. గొడవ పడకుండా, మొహం మాడ్చుకోకుండా సాధించుకున్నారు. నాకు వాళ్లలో అన్నిటికన్నా నచ్చింది ఈ ఓపికే.

అయితే పెద్దింటి పక్కన ఉండడంలో కష్టం కూడా ఉంది. 2013 జులైలో, సరిగ్గా వాళ్ల ఎన్నికల ముందు, వంట గ్యాస్ మీద, కిరోసిన్ మీద మన ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీ ఆగిపోయింది. పాత ఏర్పాటు గడువు అయిపోయిందని ఢిల్లీ చెప్పింది. అంతకుముందు ఏడాదే భూటాన్ ప్రధాని చైనా ప్రధానిని కలిశారు కాబట్టి, దానికే ఈ శిక్ష అని చాలామంది అనుకున్నారు. ఆ ఎన్నికల్లో అధికార పార్టీ ఓడిపోయింది. ఆగస్టులో సబ్సిడీ మళ్లీ ఇచ్చారు. తర్వాతి ఏడాది నేనూ మీ తాతయ్యా ఫుంట్‌షోలింగ్ వెళ్లాం. ఇవతల జైగావ్‌లో హారన్ల మోత, దుమ్ము. గేటు దాటితే ఒక్కసారిగా నిశ్శబ్దం. మేం భోంచేసిన చిన్న హోటల్లో ఒకావిడ పచ్చిమిరపకాయలు, జున్ను వేసి ఎమా దత్షి వండింది. మన గుంటూరువాళ్లకి కూడా చెమట పట్టాల్సిందే. చిల్లర ఇస్తూ మన రూపాయలూ, వాళ్ల న్యూల్‌ట్రమ్‌లూ కలిపి చేతిలో పెట్టింది. రెండూ సమానమే. గ్యాస్ గురించి అడిగితే పొయ్యి కింద సిలిండర్ మీద చెయ్యేసి, "అప్పుడు కట్టెలు తెచ్చుకున్నాం" అని హిందీలో అంది. కోపం లేదు ఆ గొంతులో. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. కారణం ఏదైనా కానీ, స్నేహితుల ఇంట్లో పొయ్యి ఆరేదాకా తెచ్చుకోకూడదు.

ఇంకో సంగతి. భద్రతా మండలిలో శాశ్వత సభ్యులైన ఐదు పెద్ద దేశాల్లో ఒక్కదానితోనూ భూటాన్‌కి దౌత్య సంబంధాలు లేవు. అమెరికాని రానిస్తే చైనాని ఏమని కాదనాలి? అందుకే ఎవరినీ పిలవలేదు.

2017లో, సిక్కిం, భూటాన్, టిబెట్ కలిసే చోటుకి దగ్గర్లో ఉన్న డోక్లాం పీఠభూమిలో చైనా సైనికులు రోడ్డు వేయబోతే మన సైన్యం అడ్డుకుంది. 73 రోజులు ఎదురెదురుగా నిలబడ్డారు. ఇక్కడ టీవీల్లో ఒకటే అరుపులు. ఆ నేల మాదే అంటున్న భూటాన్ మాత్రం జూన్ చివర్లో, మీరు చేస్తున్నది, సరిహద్దు తేలేదాకా ఉన్నది ఉన్నట్టే ఉంచుదాం అనుకున్న 1988, 1998 ఒప్పందాలకి విరుద్ధం అని చైనాకి ఒక ప్రకటనతో చెప్పి ఊరుకుంది. అది భయం అనుకోకండి. ఇంకొక్క మాట ఎక్కువ అంటే ఎవరో ఒకరు నొచ్చుకునేవారు. సరిహద్దు గురించి వాళ్లు చైనాతో 1984 నుంచీ మాట్లాడుతూనే ఉన్నారు, ఇంకా తెగలేదు.

సిక్కిం, భూటాన్, టిబెట్ కలిసే చోట మీ అట్లాస్‌లో పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టండి. అక్కణ్ణుంచి కిందికి, మన ఈశాన్య రాష్ట్రాలకి వెళ్లే సన్నటి నేల మీద ఉన్న సిలిగురి ఎంత దూరమో స్కేలుతో కొలవండి. దసరాకి వచ్చినప్పుడు నాకు చూపించాలి.

ప్రేమతో,
అమ్మమ్మ