మెట్టుకొక బొట్టు

తెల్లవారుజామున అలిపిరి మెట్ల దారిలో ఏ రోజు చూసినా కొందరు కనిపిస్తారు. కొంగు నడుముకు దోపుకుని, వంగి, మెట్టుకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టి పై మెట్టుకు వెళ్తుంటారు. పసుపు గిన్నె పట్టుకుని ఆడపడుచో, కూతురో వెనకే నడుస్తుంది. కొండపైకి దాదాపు 3,550 మెట్లు. మోకాళ్ళ పర్వతం దాకా వచ్చేసరికి నడుము పట్టేస్తుంది. ఎందుకమ్మా ఇంత కష్టమంటే జవాబు పొట్టిగా ఉంటుంది: "బిడ్డకు బాగయింది నాయనా, మొక్కు."

ఆ బిడ్డకు బాగై నెలలు గడిచి ఉంటాయి. అయినా ఆ తల్లి మర్చిపోలేదు. మనసు తత్వం తెలిసినవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు. ఎంత మేలు జరిగినా మనసు త్వరగానే దానికి అలవాటు పడిపోతుంది. 1978లో మనస్తత్వ శాస్త్రవేత్త ఫిలిప్ బ్రిక్‌మన్ బృందం అమెరికాలో లాటరీ గెలిచిన 22 మందిని, గెలవని మామూలు మనుషులను పోల్చి చూసింది. గెలిచినవాళ్ళు మిగతావాళ్ళకంటే చెప్పుకోదగ్గంత సంతోషంగా ఏమీ లేరు. స్నేహితుడితో కబుర్లు, పొద్దున్నే టిఫిన్ లాంటి చిన్న చిన్న ఆనందాలు వాళ్ళకు ఇంకా చప్పగా అనిపించాయి. 22 మందిని చూసి లోకమంతా ఇంతే అనలేం. కానీ కొత్త ఇల్లు, కొత్త ఉద్యోగం ఎన్నాళ్ళు కొత్తగా ఉంటాయో మనకూ తెలుసు. చెడు మాత్రం అంత తేలిగ్గా పోదు. పదిమంది మెచ్చుకున్నా, ఒకరన్న మాటే రాత్రంతా నిద్ర పట్టనివ్వదు.

అలాంటి మనసుకు మంచిని గుర్తు చేస్తే ఏమవుతుంది? 2003లో రాబర్ట్ ఎమ్మన్స్, మైఖేల్ మెక్‌కల్లౌ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇదే పరీక్షించారు. కాలేజీ విద్యార్థుల్లో కొందరిని వారానికోసారి, పది వారాల పాటు, తమకు జరిగిన మేళ్ళు ఐదు దాకా రాయమన్నారు. ఇంకొందరిని చికాకులు, మరికొందరిని ఆ వారం జరిగిన సంగతులు రాయమన్నారు. పొద్దున నిద్ర లేవడం, మంచి తల్లిదండ్రులు, ఇంకో రోజు బతకనిచ్చిన దేవుడు, ఇలాంటివే మేళ్ళ జాబితాలో కనిపించాయి. అవి రాసినవాళ్ళకు జీవితం మీద తృప్తి, రాబోయే రోజుల మీద ఆశ ఎక్కువగా ఉన్నాయి. ఒంట్లో నలతలూ తక్కువ చెప్పారు. అదే వరసలో నరాలు, కండరాల జబ్బు ఉన్నవాళ్ళ చేత 21 రోజులు రాయించారు. జబ్బు నయం కాలేదు. కానీ రాసినవాళ్ళకు నిద్ర మెరుగైంది, వాళ్ళలో వచ్చిన మార్పు జీవిత భాగస్వాములకూ తెలిసింది.

మొక్కు చేసే పని ఇలాంటిదే అని నా నమ్మకం. మా చిత్తూరు వైపు ఇళ్ళల్లో బిడ్డకు జ్వరం ముదిరితే పసుపు గుడ్డలో రూపాయి బిళ్ళ ముడుపు కట్టి దేవుడి పటం దగ్గర పెడతారు. జ్వరం తగ్గుతుంది, ముడుపు అక్కడే ఉంటుంది. దీపం పెట్టినప్పుడల్లా అది కంటపడి ఆ రాత్రి గుర్తుకొస్తుంది. తలనీలాలు మొక్కుకుంటే బిడ్డ జుట్టుకు కత్తెర పడదు. కళ్యాణకట్టలో కూర్చోబెట్టేదాకా రోజూ నూనె రాసి జడ వేసే తల్లికి, ఎందుకు పెంచుతున్నామో మర్చిపోయే వీలే లేదు. మనసు అలవాటు పడి వదిలేయబోయే మేలును మొక్కు పట్టి ఉంచుతుంది.

ఇంకొకటి కూడా ఉంది. వాన పడినందుకు, ప్రమాదం తప్పినందుకు ఎవరికి దండం పెట్టాలి? నమ్మకం ఉన్నవాళ్ళకు ఆ దిక్కు దొరుకుతుంది. 2009లో నథానియల్ లాంబర్ట్ బృందం కొందరి చేత నాలుగు వారాలు రోజూ ప్రార్థన చేయించింది. వాళ్ళలో కృతజ్ఞత మిగతావాళ్ళకంటే పెరిగింది. అయితే యాంత్రికంగా చేస్తే ఫలితం ఉండకపోవచ్చు. సోన్యా ల్యుబోమిర్‌స్కీ పరిశోధనలో మేళ్ళను వారానికోసారి లెక్కపెట్టుకున్నవాళ్ళకు సంతోషం పెరిగింది, వారానికి మూడుసార్లు లెక్కపెట్టుకున్నవాళ్ళకు పెరగలేదు. "స్వామీ, చల్లగా చూడు" అని రోజూ నోటికొచ్చినట్టు అనేయడం కంటే, శనివారం దీపం ముందు కూర్చుని ఆ వారం జరిగిన ఒక్క మేలును పేరు పెట్టి తలుచుకోవడం మంచిదని నాకనిపిస్తుంది.

ఇదే మందు అనుకోవద్దు. 2020లో 27 అధ్యయనాలను కలిపి చూస్తే, డిప్రెషన్, ఆందోళనల మీద ఇలాంటి సాధనల ప్రభావం స్వల్పమేనని తేలింది. డిప్రెషన్‌తో ఉన్నవాళ్ళకు డాక్టరు కావాలి. బిడ్డను పోగొట్టుకున్న ఇంటికెళ్ళి "ఇంకో బిడ్డ ఉందిగా, దేవుడికి దండం పెట్టుకో" అనేవాళ్ళను చూశాను. అది భక్తి కాదు, క్రూరత్వం. కృతజ్ఞత లోపలి నుంచి రావాలి, ఎవరూ ఎవరి మీదా రుద్దకూడదు.

మన మాటల్లోనే "దేవుడు పంపినట్టు వచ్చాడు" అంటాం కదా. అలా వచ్చిన మనిషిని కూడా తలుచుకోవాలి. 2005లో మార్టిన్ సెలిగ్మన్ బృందం పోల్చి చూసిన సాధనల్లో అప్పటికప్పుడు సంతోషం అన్నిటికంటే ఎక్కువ పెంచింది ఒక ఉత్తరం. మేలు చేసినా ఎప్పుడూ సరిగా థాంక్స్ చెప్పని మనిషికి ఉత్తరం రాసి, స్వయంగా తీసుకెళ్ళి ఇవ్వాలి. కొండ దిగాక లడ్డు ప్రసాదం వీధంతా పంచుతాం. అందులో ఒకటి, రాత్రంతా బిడ్డ పక్కన నిలబడ్డ నర్సుకు ఇచ్చి, ఆమె ఏం చేసిందో ఆమెకే చెప్పవచ్చు. సెలిగ్మన్ పరీక్షలో ఆ సంతోషం నెల దాకా నిలిచింది, మూడు నెలలకు పోయింది. అప్పటికి ఇంకొకరి దగ్గరికి వెళ్ళాలి.