మూడు మైళ్ల నుంచి పన్నెండు మైళ్లకు: సముద్ర చట్టం రాతకెక్కిన తీరు

విశాఖ చేపల రేవు నుంచి వేటకు బయలుదేరిన మరబోటు, డాల్ఫిన్ నోస్ కొండ ఇంకా కంటికి ఆనుతుండగానే పన్నెండు నాటికల్ మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్లు, దాటిపోతుంది. నీటి మీద గీతేమీ ఉండదు; జీపీఎస్ తెరపై అంకె మారుతుంది, అంతే. తీరదేశపు ఏలుబడి అక్కడితో ఆగుతుందన్న ఆ అంకె మీద దేశాలను ఒప్పించడానికి అర్ధశతాబ్దం పైగా పట్టింది.

తీరం నుంచి ఫిరంగి గుండు చేరేంత దూరమే రాజ్యం ఏలుబడి అన్న వాదాన్ని 18వ శతాబ్దం ఆరంభంలో డచ్ న్యాయవేత్త బింకర్‌షూక్ బలపరిచాడు. కాలక్రమంలో అది మూడు మైళ్ల ఆచారమైంది, అదీ అందరికీ కాదు; నార్వే, స్వీడన్‌లు నాలుగు మైళ్లంటూ వచ్చాయి. ఐక్యరాజ్యసమితికి ముందున్న నానాజాతి సమితి 1930లో హేగ్‌లో క్రోడీకరణ సదస్సు, అంటే ఆచారాలను రాతలో పెట్టే సదస్సు, జరిపినప్పుడు జాతీయత మీద ఒడంబడిక కుదిరింది గానీ, ప్రాదేశిక జలాల, అంటే తీరదేశపు ఏలుబడి కింద ఉండే సముద్రపు, వెడల్పు తేలలేదు. అందరికీ తెలిసిందే కదా అనుకున్న ఆచారాన్ని కాగితం మీద పెట్టబోతే, ఎవరి ఆచారం వారిదేనని బయటపడింది.

ఐక్యరాజ్యసమితి 1947లో నెలకొల్పిన అంతర్జాతీయ న్యాయ కమిషన్ ముసాయిదాల ఆధారంగా 1958లో జెనీవాలో నాలుగు ఒడంబడికలు వెలువడినా, ఆ అంకె మాత్రం వాటిలో లేదు. 1960లో మరో ప్రతిపాదన ఒక్క ఓటు తేడాతో వీగిపోయింది. చివరకు 1973లో మొదలైన చర్చల్లో, కొత్తగా స్వతంత్రం పొందిన దేశాలు కూడా కూర్చుని, అన్ని అంశాలనూ ఒకే మూటగా కట్టి బేరమాడాకే, 1982 ఒడంబడికలో పన్నెండు మైళ్ల ప్రాదేశిక జలాలు, చేపల వంటి వనరుల మీద తీరదేశానికి హక్కుండే 200 మైళ్ల ప్రత్యేక ఆర్థిక మండలి ఖాయమయ్యాయి. భారత్ అంతవరకూ ఆగలేదు. 1976 చట్టంలోనే ఈ రెండంకెలనూ రాసుకుని, ఒడంబడికను 1995లో ఆమోదించింది. దాని కింద హాంబర్గ్‌లో ఏర్పడిన సముద్ర చట్ట ట్రిబ్యునల్‌కు 1999 నుంచి 2002 వరకు అధ్యక్షుడు తెలుగువారైన పి. చంద్రశేఖరరావు.

ఉత్తరాంధ్ర గంగపుత్రులకు ఇందులో అసలు పట్టింపు ఆ ఒడంబడికలోని 73వ అధికరణం. ఆర్థిక మండలిలో పరాయి పడవ చేపల వేట నిబంధన మీరితే, తగిన పూచీకత్తు తీసుకుని పడవనూ మనుషులనూ వెంటనే విడిచిపెట్టాలి. దేశాల మధ్య వేరే ఒప్పందం ఉంటే తప్ప జైలుశిక్ష వేయరాదు. పన్నెండు మైళ్ల లోపల పట్టుబడినవారికి ఈ అధికరణం అక్కరకు రాదు, అక్కడ తీరదేశపు సొంత చట్టమే చెల్లుతుంది. 2018 చివర్లో గుజరాత్ బోట్లలో పనికి వెళ్లి పాకిస్తాన్‌కు చిక్కిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారుల్లో 20 మంది 2020 జనవరిలో గానీ ఇల్లు చేరలేదు. అటువైపు గుజరాత్, పాకిస్తాన్‌ల నడుమ ఉన్న సర్ క్రీక్ అనే సముద్రపు పాయ దగ్గర రెండు దేశాల మధ్య సముద్రపు హద్దే నేటికీ తేలలేదు.