కాన్పు తర్వాత బరువు, తల్లి పరీక్షలు: అపోహలు – వాస్తవాలు

బరువు తగ్గాలని వచ్చే తల్లుల్ని నేను మొదట అడిగేది కాన్పు నాటి ఫైలు. బిడ్డ టీకాల కార్డు అడిగితే నిమిషంలో బ్యాగులోంచి తీస్తారు. తమ కాగితాలు మాత్రం ఇల్లు మారినప్పుడు పోయాయనో, పుట్టింట్లో అటక మీద ఉన్నాయనో అంటారు. డైటీషియన్‌గా నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. బరువు సంగతి తేలాలంటే ఆ కాగితాలే కావాలి.

అపోహ: కడుపుతో ఉన్నప్పుడు వచ్చిన షుగర్ కాన్పుతోనే పోతుంది.

వాస్తవం: చాలామందికి రీడింగులు మామూలుకు వస్తాయి, నిజమే. మాయ నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వవు. మాయ పడిపోయాక ఆ అడ్డు తొలగుతుంది. కానీ ఆ అడ్డును తట్టుకోలేకపోయిన శరీరం మారలేదు కదా! గర్భంలో షుగర్ రానివారితో పోలిస్తే వీళ్లకు తర్వాతి ఏళ్లలో టైప్ 2 మధుమేహం వచ్చే ముప్పు ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకే కాన్పయిన 6 నుంచి 12 వారాల మధ్య పరగడుపున ఒకసారి, 75 గ్రాముల గ్లూకోజ్ తాగిన 2 గంటలకు మరోసారి రక్తం పరీక్ష చేయించుకోవాలి. ఆ రెండోది 140 లోపు ఉండాలి. అంతా బాగున్నా సరే, ఏటా ఒకసారి చూపించుకోమనే నేను చెబుతాను.

‘మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష (హెచ్‌బీఏ1సీ) చేయించుకుంటే చాలదా’ అని అడుగుతారు. ఈ సమయంలో చాలదు. ఆ పరీక్ష చూసేది ఎర్ర రక్తకణాలకు అంటిన చక్కెరను. కాన్పులో రక్తం పోయి ఉంటుంది, కొత్త కణాలు పుడుతుంటాయి, రక్తహీనత కూడా ఉంటే ఆ లెక్క తప్పుతుంది.

నా రెండో కాన్పులో నాకూ షుగర్ వచ్చింది. ఇంటికి పంపేటప్పుడు బిడ్డకు ఏ టీకా ఎప్పుడో రాసిచ్చారు. నేను మళ్లీ పరీక్షకు రావాలని ఎవరూ చెప్పలేదు. చదువుకున్నదాన్నే అయినా, నిద్రలేని ఆ రోజుల్లో నాకూ తట్టలేదు. పాపకు నాలుగేళ్లప్పుడు పరగడుపున 118 వచ్చింది. మధుమేహానికి ముందు మెట్టు అది. ఆ నాలుగేళ్లూ నేను నెలనెలా చూసుకున్నది బరువు ఒక్కటే.

అపోహ: పాలిచ్చే తల్లి ఇద్దరి తిండి తినాలి.

వాస్తవం: భారత వైద్య పరిశోధన మండలి లెక్క ప్రకారం పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు 600, తర్వాతి ఆరు నెలలు 520 కిలోకేలరీలు అదనంగా కావాలి. అంటే దాదాపు ఒక పూట భోజనం. ఇక్కడ పథ్యం గురించి చెప్పాలి. వెల్లుల్లి కారం, నెయ్యి, వేడన్నం పెట్టే అమ్మల ప్రేమను నేను కాదనను. అయితే పప్పు వాతమని, పెరుగు జలుబని, కూరగాయలు పడవని, మంచినీళ్లు కూడా కొలిచి ఇస్తే బాలింతకు దక్కేది అన్నమూ నెయ్యే. బరువు పెరుగుతుంది, రక్తం మాత్రం పెరగదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. పప్పు, గుడ్డు, పెరుగు, ఆకుకూరలు మొదటి వారం నుంచే తినొచ్చు. దాహం వేసినప్పుడల్లా నీళ్లు తాగాలి. ప్రభుత్వం ఇచ్చే ఐరన్ మాత్రలు కాన్పు తర్వాత కూడా 180 రోజులు వేసుకోవాలి, టీతో మాత్రం వద్దు. హిమోగ్లోబిన్ 12 కంటే తగ్గితే రక్తహీనతే; అది ముదిరితే ఆయాసం వస్తుంది, నడవబుద్ధి కాదు. అలాంటి తల్లిని ‘బద్ధకం, అందుకే లావెక్కింది’ అనడం అన్యాయం.

అపోహ: పొట్టకు గుడ్డ బిగించి కడితే లోపలికి పోతుంది.

వాస్తవం: కట్టినంతసేపు నడుముకు ఆసరాగా ఉంటుంది, అంతే. బరువు తగ్గినా పొట్ట ముందుకే ఉంటే కొవ్వు కాకపోవచ్చు, మధ్యలో కండరాలు విడిపోయి ఉండొచ్చు. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, తల కాస్త ఎత్తి బొడ్డు దగ్గర వేళ్లతో నొక్కి చూడండి. రెండు వేళ్లకు మించి సందు ఉంటే ఫిజియోథెరపిస్టును కలవండి. అప్పటిదాకా పొట్ట తగ్గించే వ్యాయామాలు సొంతంగా చేయొద్దు.

అపోహ: మూడో నెలకే సన్నబడితే అదృష్టవంతురాలు.

వాస్తవం: గుండె దడ, చేతుల వణుకు, చెమటలు కూడా ఉంటే థైరాయిడ్ చూపించుకోవాలి. కాన్పయిన ఏడాదిలోపు దాదాపు 100 మందిలో 5 మందికి థైరాయిడ్ గ్రంథి వాస్తుంది. ముందు బరువు పడిపోతుంది, కొన్ని నెలలకు అదే మనిషి నీరసపడి బరువు పెరుగుతుంది. టీఎస్‌హెచ్ అనే రక్తపరీక్షతో తెలిసిపోతుంది.

అపోహ: రోజూ బరువు చూసుకుంటేనే తగ్గుతాం.

వాస్తవం: ఉప్పు, నీరు, నెలసరిని బట్టి ఒకటి రెండు కిలోలు అటూఇటూ అవుతుంది. వారానికోసారి, అదే రోజు, అదే వేళ చూసుకుంటే చాలు. పాలిచ్చే తల్లి వారానికి అరకిలో తగ్గితే ఎంతో బాగున్నట్టు. టేపుతో నడుము కొలవండి. మన ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి.

అపోహ: బీపీ కాన్పుకు ముందు సంగతి.

వాస్తవం: ఆరు వారాల దాకా అది పెరగొచ్చు. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం ఉంటే ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇవన్నీ ఎప్పుడు గుర్తుంటాయి అంటారా? బిడ్డ కార్డు మీది తేదీలే వాడుకోండి. 6వ వారం టీకాకు వెళ్లినప్పుడు మీ బీపీ, 10వ వారం టీకా రోజుల్లో గ్లూకోజ్ పరీక్ష, 9వ నెల టీకా నాడు హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్, నడుము కొలత. రిపోర్టులను బిడ్డ కార్డున్న కవరులోనే పెట్టండి.