దెబ్బకు ముందే వినిపించే చప్పుడు

తన దగ్గరున్న ఎంపీ3 పాటలన్నిటినీ, ఏమీ పారేయకుండా కుదించే ఫార్మాట్ అయిన ఫ్లాక్‌లోకి మార్చుకుంటే నాణ్యత పెరుగుతుందా అని ఒక పాఠకుడు అడిగారు. పెరగదు. పెరిగేది ఫైలు బరువే. ఒకసారి పారేసినదాన్ని ఏ ఫార్మాటూ తిరిగి తేలేదు. కానీ ఎంపీ3 పారేసేది ఏమిటి, ఆ లోటు ఎక్కడ పట్టుబడుతుంది అనేది తెలుసుకుని తీరవలసిన విషయం.

సీడీలో సెకనుకు 44,100 శాంపిళ్లు (శబ్దపు కొలతలు), ఒక్కోదానికి 16 బిట్లు, రెండు చానళ్లు. గుణిస్తే సెకనుకు 14,11,200 బిట్లు. సెకనుకు 128 కిలోబిట్ల ఎంపీ3 ఇందులో పదకొండో వంతు. ఇంత తగ్గినా పాట పాటలాగే వినిపిస్తోందంటే అది మన చెవి స్వభావం. మిక్సీ తిరుగుతుంటే పక్కగదిలోంచి పిలిచినా వినపడదు కదా! బలమైన శబ్దం తన దగ్గరి పౌనఃపున్యాల్లోని బలహీన శబ్దాలను కప్పేస్తుంది. ఇదే మాస్కింగ్. మన బడుల్లో ధ్వని పాఠం 20 నుంచి 20,000 హెర్ట్జ్ అని చెప్పి ముగించేస్తారు. చెవి ఒకదాన్ని వింటూ మరొకదాన్ని వదిలేస్తుందని చెప్తే పిల్లలు ఆ పాఠాన్ని జన్మలో మరిచిపోరు.

జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్, ఆయన సహచరులు ఈ స్వభావం మీదే ఎంపీ3ని నిర్మించారు. అది వినపడని శబ్దాలను కత్తిరించి పారేస్తుందని చాలామంది అనుకుంటారు. దాని అసలు పని వేరు. శబ్దాన్ని 576 పౌనఃపున్య భాగాలుగా విడదీసి, ఒక్కోదాని విలువను దగ్గరి అంకెకు ముతకగా సవరిస్తుంది. ఆ సవరింపు వల్ల పుట్టే దోషమే రొద. ఆ రొదను బలమైన స్వరాల నీడలో దాచేస్తుంది.

ఇబ్బంది కాలంతో వస్తుంది. ఆ 576 భాగాలను లెక్కించేందుకు 1,152 శాంపిళ్లను, అంటే సుమారు 26 మిల్లీసెకన్ల శబ్దాన్ని, ఒకే కిటికీలో, అంటే ఒకే ముక్కగా, తీసుకుంటారు. సవరింపులో పుట్టిన దోషం తిరిగి శబ్దంగా మారేటప్పుడు ఆ కిటికీ అంతటా పరుచుకుంటుంది. నిశ్శబ్దం తర్వాత మృదంగం మీద ఒక పదునైన దెబ్బ పడిందనుకోండి. అది కిటికీ చివర్లో ఉంటే, రొద దెబ్బకన్నా ముందే మొదలవుతుంది! బలమైన శబ్దం తన తర్వాత వంద మిల్లీసెకన్లకు పైగా రొదను కప్పగలదు, తనకు ముందు మాత్రం కొన్ని మిల్లీసెకన్లే. అందుకే ఈ ముందస్తు రొద చెవికి చిక్కుతుంది. దెబ్బ అంచు మొద్దుబారి, ముందు చిన్న ‘స్స్’ తోడవుతుంది. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో అసలు రికార్డింగునూ, తక్కువ బిట్ల ఎంపీ3నూ తెరిచి ఆ చోటును పెద్దది చేసి చూడండి. ఒకదానిలో దెబ్బకు ముందు దాదాపు చదునైన గీత, రెండోదానిలో సన్నని అలలు.

దీనికి మందు పొట్టి కిటికీలు. ఎన్‌కోడర్ (ఎంపీ3ని తయారుచేసే ప్రోగ్రాం) దెబ్బను పసిగట్టి 576 భాగాలకు బదులు 192 భాగాల కిటికీలు మూడు వాడుతుంది. రొద పాకే దూరం తగ్గుతుంది. అయితే పౌనఃపున్యాలను విడదీసే చురుకుదనం కూడా మూడో వంతుకు పడిపోతుంది. కచేరీలో తంబురా శ్రుతికి పొడవైన కిటికీ కావాలి, మృదంగానికి పొట్టిది. రెండూ ఒకేసారి మోగుతుంటే ఎన్‌కోడర్ ఎవరి పక్షం వహించాలి? చాలినన్ని బిట్లుంటే ఇద్దరికీ న్యాయం జరుగుతుంది. అందుకే 320 కిలోబిట్ల దగ్గర అసలుకూ నకలుకూ తేడా పట్టడం చాలా కష్టం. 128 దగ్గర మన తాళవాద్యాలే ముందుగా దెబ్బతింటాయి.

ఫ్లాక్‌కు ఈ బాధ లేదు. వెనకటి శాంపిళ్లను బట్టి తర్వాతిదాన్ని ఊహించి, ఊహకూ నిజానికీ మధ్య తేడాను మాత్రమే భద్రపరుస్తుంది. తేడాలు చిన్నవి కాబట్టి ఫైలు తరచు సీడీ పరిమాణంలో సగానికో, అరవై శాతానికో తగ్గుతుంది. విప్పితే ప్రతి బిట్టూ యథాతథం.

బంగారు పూత తీగలతో డిజిటల్ పాట మధురమవుతుందన్న నమ్మకం కూడా జనంలో ఉంది. పూత తుప్పును ఆపుతుంది, అంతే. ఆ డబ్బుతో మంచి హెడ్‌ఫోన్లు కొనుక్కోండి. వాటిలోనూ బ్లూటూత్ చాలావరకు పాటను మళ్లీ కుదిస్తుంది కనుక, పోల్చి చూసేటప్పుడు తీగ ఉన్నవే వాడండి.

ప్రశ్న అడిగిన పాఠకుడికి నా సలహా: ఎంపీ3లను అలాగే ఉంచండి. సీడీలు ఇంకా ఇంట్లో ఉంటే వాటి నుంచి నేరుగా ఫ్లాక్ తీయండి, మృదంగం తని ఆవర్తనం (తాళవాద్యం ఒంటరిగా మోగే భాగం) ఉన్న సీడీతో మొదలుపెట్టండి.