నోటి కణాలకు ఫ్లోరైడ్ హాని చేస్తుందా?

"నల్గొండలో మనుషుల నడుములు వంచేసిన ఫ్లోరైడ్‌ను టూత్‌పేస్టు రూపంలో డబ్బులిచ్చి మరీ నోట్లో పెట్టుకోవాలా? ల్యాబులో నోటి కణాల మీద పోస్తే చచ్చిపోయాయట కదా!" అని ఒక పాఠకురాలు అడిగారు.

ఆ రెండో మాట నిజమే. చిగుళ్ల కండను పట్టి ఉంచే ఫైబ్రోబ్లాస్ట్ కణాలను సోడియం ఫ్లోరైడ్ ద్రావణంలో రోజంతా ఉంచితే, గాఢత కొన్ని మిల్లీమోలార్లు (ద్రావణంలో గాఢతకు కొలత) దాటాక అవి దెబ్బతింటాయి. ఒక మిల్లీమోలార్ ఫ్లోరైడ్ అంటే 19 పీపీఎం, అంటే పది లక్షల్లో 19 భాగాలు. మన దేశంలో పేస్టులో 1000 పీపీఎం దాకా ఉండొచ్చు, అంటే 50 మిల్లీమోలార్లకు పైనే. గుండె గుభేలుమనే లెక్కే.

షుగర్ పరీక్షకు రక్తం తీసే బూడిద రంగు మూత ట్యూబు చూశారా? అందులో ఉండేదీ సోడియం ఫ్లోరైడే. మిల్లీలీటరు రక్తానికి సుమారు రెండున్నర మిల్లీగ్రాములు. ఫ్లోరైడ్ ఒక్కటే లెక్కేస్తే 1100 పీపీఎం పైచిలుకు, దాదాపు పేస్టులో ఉన్నంత! రక్తకణాలు ట్యూబులో కూడా గ్లూకోజు తింటూనే ఉంటాయి, దాన్ని ఆపడానికే ఇది వేస్తారు. ఫ్లోరైడ్ మెగ్నీషియం, ఫాస్ఫేట్‌లతో జట్టు కట్టి గ్లూకోజును మెట్టు మెట్టుగా విరగ్గొట్టే వరుసలోని ఎనొలేజ్ అనే ఎంజైమును పట్టేస్తుంది. అయినా ఎనొలేజ్ కంటే ముందు మెట్లలో ఉన్న ఎంజైములు ఆగవు. గ్లూకోజు ఖర్చు కట్టడి కావడానికి గంటో రెండు గంటలో పడుతుంది.

ట్యూబులో రక్తం ఫ్లోరైడ్‌లోనే ఉండిపోతుంది. నోట్లో అలా కాదు. రెండు నిమిషాలు తోముతాం, లాలాజలం పలచన చేస్తుంది, ఉమ్మేస్తాం. పైగా ల్యాబు గిన్నెలో ఉండేది ఒకే ఒక్క పొర కణాలు. బుగ్గ లోపల పొర మీద పొర ఉంటుంది, పైవి ఎలాగూ రాలిపోయేవే.

అసలు తమాషా ఆమ్లంలో ఉంది. ఫ్లోరైడ్ అయాను, అంటే విద్యుదావేశం ఉన్న ఫ్లోరైడ్, కణపు పొరను సులువుగా దాటలేదు. హైడ్రోజన్‌తో కలిసి హెచ్ఎఫ్ (హైడ్రోజన్ ఫ్లోరైడ్)గా మారితే లోపలికి జారిపోతుంది. పీహెచ్ అంటే ఆమ్లాన్ని కొలిచే అంకె, అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ. పీహెచ్ 7 దగ్గర ఆరు వేల పైచిలుకు అయాన్లకు ఒకటే అలా మారుతుంది. పీహెచ్ 5 దగ్గర అరవై చిల్లరకు ఒకటి, అంటే వంద రెట్లు ఎక్కువ. నోట్లో పీహెచ్‌ను 5కు దించేది ఎవరు? చక్కెర తిని ఆమ్లం వదిలే స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అనే పళ్లు పుచ్చించే బ్యాక్టీరియా! అది వదిలిన ఆమ్లమే హెచ్ఎఫ్‌ను దాని లోపలికి పంపుతుంది. లోపల ఆమ్లం తక్కువ కాబట్టి హెచ్ఎఫ్ మళ్లీ విడిపోతుంది, ఫ్లోరైడ్ బయటికి రాలేక అక్కడే పేరుకుపోతుంది. తన గోతిలో తానే పడటమంటే ఇదే. మన కణాల చుట్టూ అంత ఆమ్లం ఉండదు. ఈ ఒక్క లెక్క రసాయన శాస్త్రం క్లాసులో చెబితే పీహెచ్ పాఠం ఎవరూ మర్చిపోరు.

తోముకున్నాక నోట్లో తెల్లగా పొర ఊడుతోందనేవాళ్లు చాలాసార్లు నిందించాల్సింది ఫ్లోరైడ్‌ను కాదు, నురుగు తెప్పించే సోడియం లారిల్ సల్ఫేట్‌ను. "కెమికల్స్ లేనిది" అనే పేస్టు మీద నాకు నమ్మకం లేదు. ఉప్పు మాత్రం కెమికల్ కాదా?

ఇక నల్గొండ సంగతి. లీటరుకు 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు రోజూ మూడు లీటర్లు తాగితే 12 మిల్లీగ్రాములు కడుపులోకి పోతుంది, అదీ ఏళ్ల తరబడి. బఠాణీ గింజంత పేస్టులో ఉండేది పావు మిల్లీగ్రాము, అందులోనూ చాలావరకు ఉమ్మేస్తాం. ఉమ్మడం రాని పసివాళ్ల విషయంలోనే జాగ్రత్త కావాలి. మూడేళ్లలోపు పిల్లల బ్రష్ మీద బియ్యపు గింజంత చాలు. రోజూ మింగితే చిగుళ్ల లోపల తయారవుతున్న పళ్ల ఎనామిల్ మీద తెల్ల మచ్చలు పడొచ్చు.