సాల్సా షూ కొనేముందు తిప్పి చూడండి

సాల్సా నేర్చుకోవడానికి కొత్తగా చేరినవాళ్లు చాలామంది వాకింగ్‌కి వాడే స్పోర్ట్స్ షూస్‌తోనే క్లాసుకి వస్తారు. మెత్తగా ఉంటాయి, జారవు అన్న ధైర్యం. డాన్స్‌లో ఆ జారకపోవడమే ప్రమాదం.

రన్నింగ్ షూ ముందుకు పరిగెత్తడానికి తయారైంది. దాని రబ్బరు సోల్ నేలను గట్టిగా పట్టుకోవాలి. సాల్సా, చ-చ-చ, బచాటా లాంటి లాటిన్ డాన్సులు చేసేటప్పుడు పాదం నేలమీదే గిర్రున తిరగాలి. ఒళ్లు తిరిగి షూ కదలకపోతే ఆ మెలి చీలమండ మీదా, మోకాలి మీదా పడుతుంది. మోకాలు ముఖ్యంగా ముడవడానికీ చాపడానికీ ఉన్న కీలు. పక్కకి తిరిగే వీలు దానికి తక్కువ, కాలు చాచి నిలబడినప్పుడు మరీ తక్కువ. ఫుట్‌బాల్ ఆటగాళ్లకు మెనిస్కస్ (మోకాల్లోని మెత్తటి దిండు లాంటి మృదులాస్థి) చిరగడం, ఏసీఎల్ (మోకాలిని పట్టి ఉంచే ఒక లిగమెంట్) తెగడం చాలాసార్లు ఇలా పాదం నేలకు అతుక్కుని శరీరం తిరిగినప్పుడే జరుగుతాయి.

ఘర్షణ బలం అనేది నేల మీద పడే బరువును బట్టీ, రాసుకునే ఉపరితలాలను బట్టీ ఉంటుందనీ, తాకే వైశాల్యంతో దానికి దాదాపు సంబంధం లేదనీ బడిలో చదువుకున్నాం. గుండ్రంగా తిరిగేటప్పుడు మాత్రం దూరం కూడా లెక్కలోకి వస్తుంది. తిరిగే కేంద్రానికి ఎంత దూరంలో నేలను తాకితే అంత ఎక్కువ అడ్డు. పాదమంతా ఆనించి తిరిగితే ఒక చివర మడమ, ఇంకో చివర వేళ్లు అడ్డుపడతాయి. మడమ కాస్త ఎత్తి, బొటనవేలి మొదట్లో ఉండే దిండు లాంటి భాగం మీద బరువు ఉంచితే నేలను తాకే చోటు కొన్ని సెంటీమీటర్లకే పరిమితమవుతుంది. బరువు అదే, నేలా అదే, అడ్డు మాత్రం బాగా తగ్గిపోతుంది. బొంగరం మొన మీద తిరగడంలో ఉన్న కిటుకు కూడా ఇదే.

అందుకే దుకాణంలో హీల్ అందం చూసేముందు షూ తిప్పి సోల్ చూడమంటాను. చెక్క నేలకు స్వేడ్ సోల్‌ని మించింది లేదు. నూగు ఉన్న ఆ తోలు అడుగు వేసేటప్పుడు పట్టు ఇస్తుంది, తిరిగేటప్పుడు వదులుతుంది. దుమ్ముతో ఆ నూగు అణిగి నున్నబడితే తీగల బ్రష్‌తో రుద్ది మళ్లీ లేపాలి. తడి తగిలితే స్వేడ్ పాడవుతుంది, కాబట్టి రోడ్డు మీద వేసుకోకూడదు. హైదరాబాద్ కేఫెల్లో సోషల్స్‌కి, అంటే అందరూ కలిసి సరదాగా డాన్స్ చేసే పార్టీలకి, వెళ్లేవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. నున్నటి గ్రానైట్, టైల్స్ మీద స్వేడ్ మరీ జారొచ్చు. అలాంటి చోట పలుచని సోల్, పాదం ముందుభాగం కింద తిరగడానికి నున్నటి గుండ్రటి చోటు ఉన్న డాన్స్ స్నీకర్స్ మేలు.

తర్వాత షూని చేత్తో వంచండి. వేళ్ల మొదట్లో సులువుగా వంగాలి, పాదం వంపు దగ్గర వంగకూడదు. హీల్ షూలో ఆ వంపు కింద షాంక్ అనే గట్టి పట్టీ ఉంటుంది. అది బలహీనమైతే హీల్ ఊగిపోతుంది.

హీల్ పెరిగేకొద్దీ బరువు మడమ నుంచి ముందుకు జరుగుతుంది. తిరగడానికి అది కొంత సాయమే, కానీ మరీ ఎత్తైతే వేళ్ల మొదట్లో నొప్పి మొదలవుతుంది, చీలమండ మడతపడే అవకాశమూ పెరుగుతుంది. కొత్తగా నేర్చుకునే ఆడవాళ్లకు 5 సెం.మీ. లోపు, కింద వెడల్పుగా ఉండే హీల్ చాలు. చీలమండ చుట్టూ పట్టీ తప్పకుండా ఉండాలి. మగవాళ్ల లాటిన్ షూకి దాదాపు 4 సెం.మీ. ఎత్తున్న, కిందికి కాస్త సన్నబడే క్యూబన్ హీల్ ఉంటుంది. అది పోటీల్లో పాల్గొనేవాళ్లకు అవసరం. సరదాగా సోషల్స్‌కి వెళ్లేవాళ్లకు మామూలు ఎత్తులో, తోలు సోల్ ఉన్న షూ సరిపోతుంది.

సైజు సాయంత్రం పూట చూసుకోండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. తోలు వాడేకొద్దీ సాగుతుంది, అందుకే కొన్న రోజు కొంచెం బిగుతుగా ఉన్నా ఫర్వాలేదు. నొప్పి మాత్రం ఉండకూడదు. వేసుకుని ఒంటికాలి మీద అర చుట్టు తిరగండి. మడమ షూలోంచి లేచినా, మోకాలు పట్టేసినట్టు అనిపించినా ఆ జత పక్కన పెట్టి ఇంకోటి అడగండి.