కాలు తూలితే తప్పంతా నడుముదేనా? వెన్నుపాము గడ్డలపై అపోహలు - వాస్తవాలు

కిందటి వేసవిలో ఒకావిడ వచ్చారు. అరవై దాటాయి. చేతిలో బట్టల కొట్టువాళ్లిచ్చిన సంచి, అందులో మూడు ఎంఆర్‌ఐలు. మూడూ నడుముకు తీసినవే.

"గుడి దగ్గర్నుంచి ఇంటికొచ్చేలోపు ఎడం కాలి చెప్పు ఎక్కడ జారిపోతోందో తెలియట్లేదు నాయనా. వెనకాల మనవడు ఏరుకొస్తున్నాడు" అన్నారు.

రిపోర్టులన్నిట్లో ఒకటే మాట: నాలుగు, ఐదు నడుము పూసల మధ్య డిస్కు కాస్త ఉబ్బింది. ఆ వయసులో ఎవరికి తీసినా దాదాపు అదే రాస్తారు. పడుకోబెట్టి, అరికాలి అంచు వెంట స్కూటర్ తాళంచెవితో గీశాను. కిందికి ముడుచుకోవాల్సిన బొటనవేలు మెల్లగా పైకి లేచింది. తర్వాత పిన్నుతో తొడ మీద నుంచి పైకి పొడుస్తూ వెళ్లాను. రొమ్ము కింది మడత దాకా "మొద్దుగా ఉంది" అంటూనే ఉన్నారు. అది దాటగానే "అమ్మో!" అన్నారు. ఇక నడుముతో పనేముంది? ఛాతీ భాగానికి ఎంఆర్‌ఐ తీయిస్తే ఐదో వెన్నుపూస దగ్గర కుంకుడుకాయంత గడ్డ. దాని పక్కన వెన్నుపాము రిబ్బన్‌లా నలిగి ఉంది.

అపోహ: కాళ్లలో పట్టు తప్పితే అది నడుము డిస్కే

నేను రోజూ చూసే పొరపాటు ఇదే. పేషంట్లే కాదు, మా డాక్టర్లమూ చేస్తాం.

పెద్దవాళ్లలో వెన్నుపాము మొదటి, రెండో నడుము పూసల మధ్యే అయిపోతుంది. అక్కణ్నుంచి కిందికి ఉండేది నరాల పోగులే. కాళ్లకు వెళ్లే తీగలన్నీ మెడ, ఛాతీ మీదుగా దిగి రావాల్సిందే, కాబట్టి దారిలో ఎక్కడ నొక్కుకున్నా కాళ్లలో తేడా కనిపించవచ్చు. నడుము దగ్గర నరం నొక్కుకుంటే కాలు మెత్తబడుతుంది, మోకాలి కింద సుత్తితో కొడితే కదలిక తగ్గుతుంది. పైన వెన్నుపాము నొక్కుకుంటే అందుకు తలకిందులు: కాళ్లు కర్రల్లా బిగుసుకుంటాయి, సుత్తి తగిలీ తగలకముందే మోకాలు ఎగిరిపడుతుంది. ఈ తేడా పట్టుకోవడానికి సుత్తీ పిన్నూ చాలు.

వాళ్లు చెప్పే మాటల్లోనూ ఆనవాళ్లుంటాయి. "పొట్ట చుట్టూ ఎవరో పటకా బిగించినట్టుంది." "దూది మీద నడుస్తున్నట్టుంది." "స్నానం చేస్తూ కళ్లు మూసుకుంటే తూలిపోతున్నా." "పగలు ఫర్వాలేదు, పడుకుంటే వీపు సలుపుతోంది." షుగర్ ఉన్నవాళ్లయితే మరీ కష్టం. తిమ్మిర్లన్నీ షుగర్ ఖాతాలో రాసేసి, బి12 ఇంజెక్షన్లతో ఆరు నెలలు గడిపేస్తారు. షుగర్ తిమ్మిరి సాధారణంగా పాదాల దగ్గర మొదలై మెల్లగా పైకి పాకుతుంది. అంతేగానీ ఛాతీ మీద గీత గీసినట్టు ఆగదు.

అపోహ: క్యాన్సర్ కాదన్నారుగా, చూద్దాంలే

దీనికి సగం కారణం మన భాషే అని నా అనుమానం. పత్రికల్లో 'నిరపాయకరమైన కణితి' అని రాస్తాం. అపాయం లేదన్నాక ఆపరేషన్ దేనికని అడగడం న్యాయమే. కానీ ఆ మాటకు వైద్యంలో అర్థం ఒక్కటే: అది వేరే అవయవాలకు పాకదు. ఉన్నచోట ఏం చేస్తుందో ఆ మాట చెప్పదు.

పొట్టలో అయితే కుంకుడుకాయంత గడ్డ ఉన్న సంగతే తెలియదు. వెన్నుపాము మన చిటికెనవేలంత లావు. దాని చుట్టూ ఎముక గోడ, అందులోనూ ఛాతీ దగ్గర సందు బాగా ఇరుకు. గడ్డ ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతుంటే వెన్నుపాము కూడా సర్దుకుంటూ, సన్నబడుతూ ఊరుకుంటుంది. ఇక సర్దుకునే చోటు లేనప్పుడు మాత్రం వారాల్లోనే కాళ్లు పడిపోవచ్చు.

ఈ జాతి గడ్డల్లో ముఖ్యమైనవి రెండు. వెన్నుపాము పొరల నుంచి పుట్టే మెనింజియోమా ఎక్కువగా నడివయసు దాటిన ఆడవాళ్లలో, ఛాతీ భాగంలో వస్తుంది. నరం తొడుగు నుంచి పుట్టేది ష్వానోమా. ఎముకలో పుట్టేవి వేరే. ఆస్టియాయిడ్ ఆస్టియోమా అని చిన్న గడ్డ ఒకటుంది, కుర్రాళ్లకొస్తుంది. నొప్పితో రాత్రిళ్లు నిద్రపట్టనివ్వదు, ఆ నొప్పి ఒక్క ఆస్పిరిన్ రకం మాత్రతో చిత్రంగా తగ్గిపోతుంది. అది వెన్నెముకలో వస్తే వీపు వంకర తిరుగుతుంది. పిల్లాడు బడి సంచి మోసి వంగిపోయాడని ఇంట్లోవాళ్లు అనుకుంటారు.

అపోహ: రిపోర్టులో హిమాంజియోమా అని ఉంది, అయిపోయింది మా బతుకు

దీనికి మాత్రం నిశ్చింతగా ఇంటికెళ్లండి. వెన్నుపూస లోపల రక్తనాళాల ముద్ద అది. పెద్దవాళ్లలో పదిమందిలో ఒకరికి ఉంటుంది, నూటికి తొంభై పాళ్లు ఏమీ చేయదు. ఎముక దాటి వెన్నుపాము మీదికి వస్తేనే ఆలోచించాలి. అరుదుగా గర్భిణుల్లో, నెలలు నిండేకొద్దీ, అలా ఉబ్బడం ఉంది. రిపోర్టు ఇంటర్నెట్‌లో వెతికి రాత్రంతా ఏడ్చి వచ్చినవాళ్లను చాలామందినే చూశాను.

అపోహ: వెన్నులో కత్తి పెడితే మంచాన పడతారు

వెన్నుపాము గడ్డను మొదటిసారి విజయవంతంగా తీసింది 1887లో, లండన్‌లో. ఎక్స్‌రే కనిపెట్టడానికే ఇంకా ఎనిమిదేళ్లుంది. విలియం గవర్స్ అనే నరాల వైద్యుడు పేషంటును చేత్తో పరీక్షించే గడ్డ ఎక్కడుందో అంచనా కట్టాడు. విక్టర్ హార్‌స్లీ కోసి చూస్తే అక్కడేమీ లేదు. మరికాస్త పైకి ఎముక తీస్తే, అక్కడుంది. కాళ్లు పూర్తిగా చచ్చుబడిన ఆ మనిషి తర్వాత లేచి నడిచి ఉద్యోగం చేసుకున్నాడు. గడ్డ అనుకున్నచోటికన్నా పైన ఉండటం ఇప్పటి జబ్బు కాదన్నమాట.

ఇప్పుడు మైక్రోస్కోప్ ఉంది. కాళ్లకు వెళ్లే సంకేతాలు తగ్గుతున్నాయేమో ఆపరేషన్ పొడవునా చూసే యంత్రం ఉంది. వెన్నుపూస వెనక భాగం తీసి, పొర తెరిచి, గడ్డను లోపల్నుంచి కొంచెం కొంచెంగా గుల్ల చేసి, అంచుల్ని వెన్నుపాముకు దూరంగా లాగుతాం. వెన్నుపామును గడ్డ వైపు నుంచి నెట్టడం ఉండదు. గడ్డ వచ్చేశాక, అప్పటిదాకా కదలకుండా పడున్న వెన్నుపాము మళ్లీ గుండెతో పాటు కొట్టుకోవడం మైక్రోస్కోప్‌లో కనిపిస్తుంది. థియేటర్‌లో కాసేపు ఎవరూ మాట్లాడరు.

ప్రమాదమే లేదని అనను. ఇన్ఫెక్షన్, వెన్నుపాము నీరు కారడం, కొద్దిమందిలో బలం ఇంకా తగ్గడం ఉన్నాయి. కానీ ఆపరేషన్ తర్వాత ఎలా నడుస్తారో చాలావరకు తేల్చేది, ఆపరేషన్‌కు ముందు ఎలా నడుస్తున్నారన్నదే. పట్టుకుని నడుస్తూ వచ్చినవారు, స్ట్రెచర్ మీద వచ్చినవారు ఒకేలా కోలుకోరు. కత్తి పెట్టి మంచాన పడ్డారని ఊళ్లో చెప్పుకునే కథల్లో చాలావాటికి, ఆలస్యంగా రావడమే అసలు ముడి.

అపోహ: ఇది పక్షవాతం, పసరు వేస్తే లేస్తారు

పావురం రక్తం పూయించుకుని వచ్చినవాళ్లను చూశాను. వీపు తొక్కించుకుని వచ్చినవాళ్లనూ చూశాను. తలలో రక్తనాళం వల్ల వచ్చే పక్షవాతంలో సాధారణంగా ఒకవైపు కాలూ చెయ్యీ పడతాయి. రెండు కాళ్లూ బలహీనపడి, ముఖం, మాట బాగుంటే ముందు వెన్నుపామునే అనుమానించాలి. మూత్రం రాక పొట్ట ఉబ్బినా, తెలియకుండా పోతున్నా, కూర్చునే చోట స్పర్శ పోయినా ఆ రాత్రికే పెద్దాసుపత్రికి వెళ్లాలి, తెల్లారేదాకా ఆగొద్దు.

వెన్నుపామును నొక్కేదంతా గడ్డే కాదు. మన దగ్గర వెన్నెముక క్షయ ఇప్పటికీ మామూలే, దానికి చాలామందిలో మందులే వైద్యం. నల్గొండ, ప్రకాశం ఫ్లోరైడ్ ఊళ్ల నుంచి వచ్చే పెద్దవాళ్లలో ఎముకలు, వాటిని కట్టే పట్టీలు గట్టిపడి సందు మూసుకుపోతుంది. ఎంఆర్‌ఐ చూడకుండా మాలిష్ చేయించుకోవద్దనేది అందుకే.

ఆవిడకు ఆపరేషన్ అయింది. మొదటి నెల నడక ముందుకన్నా గొప్పగా ఏమీ లేదు, ఇంట్లోవాళ్లు డీలా పడ్డారు. ఫిజియోథెరపీ మానకుండా చేశారు. నరాల బాగు నెలల లెక్కలో వస్తుంది. నాలుగో నెలలో ఒక్కరే ఓపీకి వచ్చారు, వెనక బెల్టున్న చెప్పులేసుకుని. గడ్డ మళ్లీ రావడం అరుదే గానీ కనిపెట్టి ఉండాలి గనక ఏడాదికోసారి ఎంఆర్‌ఐ రాశాను.

చీటీ తీసుకుంటూ అడిగారు: "మళ్లీ నడుముకేనా?"